అగ్గిపాడు నాటి ఫోటో

బండకాడిపల్లె,
నల్లమాడ దగ్గర,
8-6-1986.

చిరంజీవి దివాకర్‌కు పెద్దమ్మ తిరుపాలమ్మ దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామనుకున్నాను. రాసిన వెంటనే ఏదైనా జరుగుతుందేమోనని భయమేసి ఆపేసినాను. క్షేమమని నువ్వే అనుకో.

నీ జాబు అందింది. నీ అక్షరాలు చీమలు పోయినట్టు ఉంటాయి, నా మూడో తరగతికి అందవు. ఎప్పటిలాగే పోస్టు రామదాసు చేత చదివించుకున్నాను. ఆయన అంగడి అరుగే కదా మన పోస్టాఫీసు. ఆయనకు చెవుడు. తనకు చెవుడు గనుక ఊరందరికీ చెవుడే అనుకుని చదువుతాడు. మీ అమ్మకు మోకాళ్ళ నొప్పులన్న సంగతి అవతలి వీధిలో ఎద్దులు కట్టేవాళ్ళకు కూడా తెలిసిపోయింది.

హైదరాబాదులో నీ పని, ఆకాశంలో తిరిగే ఉపగ్రహం తీసిన ఫోటోలు చూడటమని రాసినావు. నేలమీద మంటలు మండితే వచ్చే పొగ పైకి పోయి వానలనూ ఎండలనూ ఏం చేస్తుందో మీ ఆఫీసులో చూస్తున్నారని రాసినావు. అంతవరకు బాగానే ఉంది. ఆ తరువాత నాకు అర్థమయ్యేటట్టు చెప్పాలని మజ్జిగ సంగతి రాసినావు చూడు, అక్కడ వచ్చింది తంటా. మబ్బులో నీళ్ళు పొగ నలుసులను పట్టుకుని చినుకులవుతాయని, నలుసులు మరీ ఎక్కువైతే ఒక చెంబు మజ్జిగను వంద మందికి పోసినట్టు ఎవరికీ చాలక, చినుకులు చిన్నవైపోయి కింద పడకుండానే పోతాయని.

రామదాసు ఇది చదివి అద్దాలు తీసి తుడుచుకున్నాడు. అరుగు మీద ఉన్నవాళ్ళందరూ తలెత్తి మబ్బుల వైపు చూసినారు. మన ఊరికి ఇది మూడో కరువు. మబ్బులు రావడం, మన మీదుగా పోవడం రోజూ చూస్తున్నదే. అప్పుడు బయమ్మ, అదే, నాతో బావి దగ్గర రోజూ పోట్లాడే బయమ్మ, నిదానంగా అనింది: "అట్లయితే మన వాన తాగుతాండేది ఎర్రన్న బట్టీ పొగన్నమాట."

అందరూ నా వైపు తిరిగినారు.

నీకు తెలియనిది ఏముంది. చేను ఎండినాక మీ అన్న ఎర్రన్న బీళ్ళలో పెరిగే సర్కారు కంప చెట్లు కొట్టి, మట్టి కప్పి, బొగ్గుల బట్టీ పెట్టుకున్నాడు. కోడలు, ఇద్దరు పిల్లలు, నేను, రెండు ఎద్దులు, అందరం ఆ బట్టీ మీదే బతుకుతున్నాం. ఊళ్ళో పొగ వచ్చేది అక్కడి నుంచే. ఎర్రన్న వల్ల వాన ఆగలేదని ఒక్క ముక్క రాసి పంపు. పెద్ద అక్షరాలతో రాయి.

ఇట్లు,
నిద్రలేని పెద్దమ్మ.

మరిచినాను: ఆ ఉపగ్రహానికి మిద్దె మీద ఎండబెట్టినవి కూడా కనిపిస్తాయా? కోడలు చీరలు ఆరేసింది. నేనైతే ఆ రోజు నుంచి బయటికి పోతే తలమీద కొంగు తీయడం లేదు. పైన ఉండేది మగవాళ్ళో ఎవరో.

హైదరాబాదు,
17-6-1986.

పెద్దమ్మకు నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి మొదట నవ్వుకున్నాను, తరువాత బాధపడ్డాను. ఉపగ్రహంలో మనుషులెవరూ ఉండరు. కొంగు తీసేయవచ్చు.

ఒక్క బొగ్గుల బట్టీతో వాన ఆగదు. మేము చూసేది జిల్లాలకు జిల్లాలు కమ్మే పొగ: అడవులు తగలబడినప్పుడు, కోత అయినాక చేలు కాల్చినప్పుడు వచ్చేది. అది కూడా వానను నిజంగా తగ్గిస్తుందా, ఎంత తగ్గిస్తుంది అనేది మేమింకా చూస్తూనే ఉన్నాం. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి ఒక మాట నిజాయితీగా చెప్పాలి. చిన్న మంటల వల్ల ఏమీ కాదని కూడా ఇంకా రుజువు కాలేదు. అయినా నువ్వు దిగులు పడవద్దు.

దయచేసి ఈ ఉత్తరం రామదాసు గారి చేత చదివించవద్దు.

ఇట్లు,
నీ దివాకర్.

తా.క.: జూలై 3వ తేదీ ఉదయం పది లోపల ఉపగ్రహం మన వైపు మీదుగా పోయి ఫోటో తీస్తుంది. ఆ పొద్దు ఊళ్ళో ఏ ఏ మంటలు మండుతున్నాయో ఎవరైనా చూసి రాస్తే, ఫోటోలో ఉన్నది నేలమీద ఉన్నదానితో సరిపోల్చుకోవడానికి మాకు చాలా ఉపయోగం.

బండకాడిపల్లె,
24-6-1986.

చిరంజీవి దివాకర్‌కు పెద్దమ్మ దీవెనలు. నువ్వు చల్లగా ఉండు, మా సంగతి వదిలెయ్.

రామదాసు చేత చదివించవద్దని నువ్వు రాసిన సంగతి రామదాసు చదివితేనే నాకు తెలిసింది. ఆయన నొచ్చుకున్నాడు. నొచ్చుకుని ఇంకా గట్టిగా చదివినాడు.

నాయనా, పెద్ద అక్షరాలు రాయమంటే పెద్ద మాటలు రాసినావు. రుజువు కాలేదంటివి. మన వాళ్ళకు ఆ మాట ఎక్కడ తెలుసు? కదిరి కోర్టులో తెలుసు. రుజువు కాలేదంటే చేసినాడు గానీ సాక్షి దొరకలేదని. జూలై మూడో తేదీన ఫోటో తీస్తారంటే సాక్షి వస్తున్నాడని. ఊరి పెద్ద గంగాధరప్ప అరుగు మీద నిలబడి, "సర్కారే మన పల్లెను పైనుంచి చూస్తానంటాది. ఆ పొద్దు మన ఊళ్ళో అగ్గి కనపడగూడదు. అగ్గిపాడు పెడదాం" అన్నాడు.

నువ్వు చిన్నప్పుడే పోయినావు, నీకు అగ్గిపాడు గుర్తుండదు. కరువు ముదిరితే మన ఊళ్ళో ఒక దినం అగ్గి అనేదే లేకుండా చేస్తారు. పొయ్యి వెలగదు, దీపం వెలగదు, బీడీ కూడా కాల్చకూడదు. తెల్లవారకముందే మనుషులు, గొడ్లు, చంటిపిల్లలతో ఊరంతా ఖాళీ చేసి పొలిమేర దాటి పోయి, మరునాడు వచ్చి కొత్త అగ్గి రాజేసుకుంటారు. ఊరికి పట్టిన పీడ అగ్గితో పాటు ఆరిపోతుందని. నేను కాపురానికి వచ్చినాక రెండుసార్లు చూసినాను. ఒకసారి వాన వచ్చింది, ఒకసారి కలరా వచ్చింది.

ఇప్పుడు మీ సర్కారు కూడా పొగ వద్దనే చెప్పిందని, పెద్దలు చెప్పిన అగ్గిపాడు నిజమేనని ఊరంతా ఒకటే సంబరం. ఆ సంబరానికి అడ్డం ఎర్రన్న ఒక్కడే. కొత్త బట్టీకి ఒకటో తేదీన నిప్పు పెడుతున్నాడు. బొగ్గుకు లారీ వచ్చే తేదీ మార్చలేడు. అది మండితే పది దినాలు మండాల. గంగాధరప్ప వచ్చి, "ఏమప్పా ఎర్రన్నా, ఒక్క దినం ఆర్పితే నీ సొమ్మేం పోతాది?" అన్నాడు.

"మద్దెలో ఆర్పితే అది కట్టే గాదు, బొగ్గూ గాదు. నా పిల్లోల్లకు ఏం బెట్టల్ల? నీ ఫోటో బెట్టల్లా?" అన్నాడు వీడు. వీడి నోరు వాళ్ళ నాయన నోరే.

నీళ్ళు పోసి ఆర్పుతామని కొందరు లేచినారు. రామదాసు అడిగినాడు, నీళ్ళు ఎక్కడివని. దానితో అందరూ కూర్చున్నారు. తాగడానికే ఆమడ దూరం పోతున్నాం కదా. చివరికి తీర్మానం ఏమంటే, బట్టీని ముట్టుకోరు. ఫోటో రానీ అన్నారు. ఫోటోలో ఎర్రన్న బట్టీ పొగ కనిపిస్తే బట్టీ పీకి పారేసి, మమ్మల్ని ఊరి నుంచి పంపించేస్తారట. ఎక్కడికి పోవాలో అది మాత్రం ఎవరూ చెప్పలేదు.

నువ్వు పెద్ద ఉద్యోగస్థుడివి. ఆ ఒక్క పొద్దు ఆ ఉపగ్రహాన్ని కదిరి మీదుగా తిప్పి పంపలేవా? లేదంటే, ఎర్రన్నకు పాపం తెలియదని గుండ్రటి ముద్ర వేసిన కాగితం ఒకటి పంపు.

ఇట్లు,
పెద్దమ్మ.

ఇంకొక మాట: ఉపగ్రహానికి కొబ్బరికాయ కొట్టాలంటే ఏ దిక్కుకు తిరిగి కొట్టాలి? శనికి ఏ దిక్కో తెలుసు, రాహువుకు ఏ దిక్కో తెలుసు. దీనికి ఏ దిక్కని పంతులును అడిగితే తనకూ తెలియదన్నాడు.

హైదరాబాదు,
28-6-1986.
ఎక్స్‌ప్రెస్ డెలివరీ

పెద్దమ్మకు,

అది ఎద్దులబండి కాదు, తిప్పి పంపడానికి. దాని దారిలో అది పోతుంది.

కాగితం కోసం మా పెద్దసారు దగ్గరకు పోయాను. బొగ్గుల బట్టీలకు మంచి నడవడి కాగితాలు మన ఆఫీసు ఇవ్వదన్నారు. ఎందుకు కావలసి వచ్చిందని అడిగితే అగ్గిపాడు సంగతి చెప్పవలసి వచ్చింది. ఆయన కుర్చీలో నుంచి లేచి నిలబడ్డారు. ఒక ఊళ్ళో ఒక్క పొయ్యి కూడా వెలగని పొద్దు, సరిగ్గా ఉపగ్రహం పోయే పొద్దు దొరకడం మా అదృష్టమట. ఎట్టి పరిస్థితుల్లోనూ అగ్గిపాడు మానవద్దని, గంగాధరప్ప గారికి ఆఫీసు తరఫున ధన్యవాదాలు చెప్పమని అన్నారు.

నేను ఎంత చెప్పినా వినలేదు పెద్దమ్మా. నన్ను క్షమించు.

దివాకర్.

తా.క.: ఇది కూడా ఆయన రాయమన్నారు. ఎర్రన్న అన్న తన బట్టీని మాత్రం బాగా మండించాలట. చుట్టూ ఏ పొగా లేకుండా ఒక్కటే పొగ ఉంటే, అంత చిన్నది ఫోటోలో కనిపిస్తుందో లేదో తేలిపోతుందట.

బండకాడిపల్లె,
6-7-1986.

దివాకర్‌కు తిరుపాలమ్మ రాసేది. దీవెనలు ఈసారి మీ అమ్మకు మాత్రమే. నీకు తరువాత చూద్దాం.

నీ ఎక్స్‌ప్రెస్ జాబు రెండో తేదీ వచ్చింది. ఈసారి రామదాసుకు ఇవ్వలేదు. ఆయన చెయ్యి చాపినాడు, నేను కవరు రవికెలో దోపుకుని ఇంటికి వచ్చినాను. తలుపు వేసుకుని, వేలు పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివినాను. పొద్దు గుంకేసరికి తా.క. దగ్గరికి వచ్చినాను. చదివి, రాగుల కుండలో అడుగున పెట్టినాను.

ఊరంతా ఆర్పమంటుంటే, చెల్లెలి కొడుకు బాగా మండించమంటాడా? ఒక్కటే పొగ ఉండాలా, అది మా పొగే కావాలా? దివాకర్, చిన్నప్పుడు ఎర్రన్న నిన్ను భుజాల మీద ఎక్కించుకుని చీనీ పండ్ల తోటకు పోయేవాడు. అది నీ ఫోటోలో లేదేమో.

మూడో తేదీ కోడి కూయకముందే ఊరు కదిలింది. గంగాధరప్ప ఇంటింటికీ పోయి పొయ్యిలో చెయ్యి పెట్టి చూసినాడు. ఈరప్ప నోట్లో వెలగని బీడీ ఉంటే అది కూడా పీకినాడు. అందరూ గొర్రెల గుట్ట వెనక ఎండిపోయిన వంకలోకి పోయినారు. కోడలు, పిల్లలు కూడా పోయినారు. ఊళ్ళో కుక్కలు లేవు, కోళ్ళు లేవు, మిగిలింది నేను, ఎర్రన్న, బట్టీ.

బట్టీ మూడో దినం. తెల్లటి పొగ ధారగా పోతోంది, అంత నిశ్శబ్దంలో అది ఎంత పెద్దగా కనిపించిందో. నేను చెప్పినాను, గాలి కంతలన్నీ మట్టితో మూసేద్దాం, ఒక పూట మూస్తే లోపల నిప్పు చావదు, ముడుచుకుని ఉంటుందని. వాడు నా ముఖం చూసినాడు. "మట్టి తడపనీకి నీళ్ళేవి మా?" అన్నాడు. నేను తాగే నీళ్ళ కడవ ఎత్తి మట్టిలో పోసినాను. అప్పుడు వాడు పలుగు పక్కన పెట్టి మట్టి పిసికినాడు.

ఒక కంత మూస్తే ఇంకొక చోట పగిలి పొగ వచ్చేది. చేతులు కాలినాయి. పది కొట్టే ముందు అంతా మూసినామనుకుని పైకి చూసినాను. నీ ఉపగ్రహం కనిపించలేదు. కిందికి చూస్తే ఒక పగులు నుంచి దారమంత పొగ. వేలు పెట్టి మూసినాను గానీ, ఆ లోపల ఉపగ్రహం పోయిందో, ఇంకా పోవలసి ఉందో నాకు తెలియదు. ఆ దారం మీదే నా ప్రాణం వేలాడుతోంది. ఫోటోలో దారాలు పడతాయా?

వాన రాలేదు. ఊరివాళ్ళు మరునాడు వచ్చి కొత్త అగ్గి చేసుకున్నారు. ఎవరూ మాతో మాట్లాడటం లేదు. బయమ్మ పోట్లాడటం కూడా మానేసింది. నాకు అది ఇంకా భయంగా ఉంది. ఆ లోడు బొగ్గు తీసి, తరువాతి బట్టీకి కంప పేర్చుకోవడం తప్ప ఎర్రన్న మాత్రం ఏం చేయగలడు. నీ ఫోటోలో ఏముందో ఉన్నది ఉన్నట్టు రాయి. మజ్జిగ, గిజ్జిగ వద్దు.

పెద్దమ్మ.

మళ్ళీ: గంగాధరప్ప ఆ పొద్దు కొత్త రుమాలు చుట్టుకుని, పది కొట్టేసరికి వంకలో బండ ఎక్కి, చేతులు కట్టుకుని పైకి చూస్తూ నిలబడినాడట. ఫోటో బాగా వస్తే ఒక కాపీ కావాలని అడగమన్నాడు. నాతో మాట్లాడకుండా రామదాసు చేత అడిగించినాడు.

హైదరాబాదు,
14-7-1986.

పెద్దమ్మకు సాష్టాంగ నమస్కారాలు.

ఈ ఉత్తరం రామదాసు గారికి ఇవ్వు. ఎంత గట్టిగా చదివినా ఫరవాలేదు.

మూడో తేదీ ఫోటో వచ్చింది. నేనూ పెద్దసారూ అద్దం పెట్టి చూశాం. బండకాడిపల్లె మీద పొగ లేదు. ఎర్రన్న బట్టీ ఉన్నచోట పొగ లేదు. దారమంత పొగ అసలు మా ఫోటోకు అందదు, నువ్వు వేలు కాల్చుకోనవసరం లేకపోయింది.

కానీ గొర్రెల గుట్టకు వెనక, మనుషులెవరూ కాపురం లేని వంకలో, దట్టమైన పొగ లేచి పడమటికి తోక సాగినట్టు పోయి ఉంది. ఆ చుట్టుపక్కల అన్నింటికంటే పెద్ద పొగ అదే. అడవి తగలబడిందేమోనని పెద్దసారు కంగారు పడుతున్నారు. ఆ పొద్దు ఆ వంకలో ఎవరున్నారో, ఏం కాల్చారో కనుక్కుని రాయగలరా?

ఇట్లు,
దీవెనల కోసం ఎదురుచూసే
దివాకర్.

తా.క.: గంగాధరప్ప గారి రుమాలు ఫోటోలో పడలేదు. పొగ అడ్డం వచ్చింది.

బండకాడిపల్లె,
24-7-1986.

చిరంజీవి దివాకర్‌కు, పోయినసారి బాకీ పడినవి కూడా కలిపి, పెద్దమ్మ దీవెనలు.

నీ జాబు వచ్చిన పొద్దు ఊరివాళ్ళు గడారులు పట్టుకుని, తవ్వి పారేయాలని బట్టీ దగ్గరికి వచ్చి ఉన్నారు. ఫోటో ఆలస్యమైతే నేరం ఉన్నట్టేనని గంగాధరప్ప తేల్చినాడు. ఎర్రన్న కొత్తగా పేర్చిన కంప ముందు పలుగు పట్టుకుని నిలబడినాడు. కోడలు పిల్లలను వెనక్కి లాక్కుంది. నేను మధ్యలో ఉన్నాను, నాకు ఎటు పోవాలో తెలియలేదు. అప్పుడు రామదాసు పరుగెత్తుకుంటూ వచ్చినాడు. ఆ మనిషి పరుగెత్తడం నేను ఇంతవరకు చూడలేదు. కవరు మీద నీ చీమలు చూసి అక్కడే చించి చదివినాడు.

దేవుడు ఆయనకు చెవుడు ఎందుకిచ్చినాడో ఆ రోజు అర్థమైంది. ఒక్క మాట కూడా వినపడలేదని చెప్పడానికి ఎవరికీ వీలు లేకపోయింది.

వంకలో పొగ అనే చోటికి వచ్చేసరికి, అందరూ నేల చూసినారు. నువ్వు అడిగినావు కాబట్టి చెబుతున్నాను. అగ్గిపాడు ఊళ్ళోనే కదా. పొలిమేర దాటినాక వంట చేసుకోవచ్చు. ఆ పొద్దు ఊరంతా అక్కడ రాళ్ళు పెట్టి, పచ్చి కంప వేసి, సంగటి కెలికి, చారు కాచుకున్నారు. ఇంటికొక పొయ్యి. గంగాధరప్ప ఇంటివాళ్ళవి మూడు.

బయమ్మే నోరు తెరిచింది. "అట్లయితే ఆ పొద్దు మన వాన తాగింది మన చారేనా గంగాధరన్నా?"

"తినకుండా ఎట్లుండల్ల మరి?" అన్నాడు ఆయన. గడారి కింద పెట్టినాడు. మిగిలినవాళ్ళు కూడా పెట్టినారు. ఒకరొకరే ఇళ్ళకు పోయినారు. నేను అక్కడే కంప పక్కన కూర్చున్నాను.

దివాకర్, ఆ సాయంత్రమే వాన వచ్చింది.

మొదట మట్టి వాసన, తరువాత మిద్దె మీద రాళ్ళు వేసినట్టు చినుకులు. నీ మజ్జిగ చినుకులు కాదు, ఒక్కొక్కటి చీనీకాయ గింజంత. తెల్లవార్లూ కురిసింది. అది గొర్రెల గుట్ట వైపు నుంచే వచ్చింది. అందువల్ల ఏమయిందో విను.

తెల్లవారేసరికి ఊరంతా మళ్ళీ మా ఇంటి ముందు ఉంది. ఈసారి గడారులు లేవు, నెత్తిన కట్టెల మోపులు. గంగాధరప్ప అందరికంటే ముందు. ఆయన లెక్క ఇది: గుట్ట వెనక పొగ పెట్టినాం, గుట్ట వెనక నుంచే వాన వచ్చింది, అది రావడానికి ఇన్ని దినాలు పట్టింది. కాబట్టి పొగే వానను పిలిచింది. మీ సర్కారు ఫోటోనే దానికి సాక్షి. ఎర్రన్న బట్టీ ఇంక ఒక్క దినం కూడా ఆరకూడదట, కట్టెలు ఊరే ఇస్తుందట.

ఎర్రన్న కోసం చూస్తే ఇంట్లో లేడు. బట్టీ దగ్గరికి పోయినాం. పేర్చిన కంప అంతా చేను గట్టుకు ఈడ్చి కంచె వేసి ఉంది. బట్టీ గుంతను తానే పలుగుతో కొట్టి పూడ్చేసినాడు. అవతల ఎద్దులకు కాడి కట్టి సాలు పట్టి దున్నుతున్నాడు. గంగాధరప్ప గట్టు మీద నిలబడి బతిమాలినాడు. వాడు ఎద్దులను నిలపకుండానే చెప్పినాడు, "వాన లేకనే గదా అన్నా బొగ్గు కాల్చినా. వానొచ్చినాక నేను సేద్యగాన్ని. పొగ గావల్లంటే నువ్వే బెట్టుకో."

మూడేండ్లుగా వాడి చేతులు కడిగినా నలుపు పోయేది కాదు. ఆ మధ్యాహ్నం సంగటి తినడానికి చెయ్యి చాపితే మోచేతుల దాకా ఎర్రమన్ను. కోడలు చెంబు అందించకుండా కాసేపు అట్లే చూసింది. వేరుశెనగ విత్తనం పడింది. మొలక ఎట్లా వస్తుందో అని నాకు అప్పుడే దిగులు పట్టుకుంది.

ఇట్లు,
కొంగు తీసేసిన నీ పెద్దమ్మ.

మరిచినాను: వచ్చే ఫోటోలో మన ఊళ్ళో పొగ కనిపిస్తే అది ఎర్రన్నది కాదు. గంగాధరప్పది. తన దొడ్లో సొంతంగా బట్టీ పెట్టినాడు. తడి కట్టె కదా, మండదు. పొద్దున నుంచి ఊదుతూనే ఉన్నాడు. కొత్త రుమాలు నల్లబడింది. ఈసారి ఫోటోలో తప్పకుండా పడతాడు.

ఇంకొకటి: వాన తెరపిచ్చి తెరపిచ్చి పడుతూనే ఉంది, ఇంకా ఆగలేదు. మూడు దినాలయింది, మిద్దె కారుతోంది. ఏదైనా ఎక్కువ కాల్చితే ఆగుతుందని నువ్వే కదా రాసినావు. ఎంత కాల్చాలో రాయి. చిన్నగా రాయి, రామదాసుకు కనపడకుండా.